తూకానికి బిడ్డనివ్వను

విద్యార్థుల మార్పిడి పథకం కింద జర్మనీ నుంచి మద్రాసుకు చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి, తన చదువు కోసం పసిబిడ్డల బరువులు రాసుకోవాలని ఎమ్మిగనూరులో మా నేతింటి పంచ దూలానికి కాటా వేలాడదీసింది. నా బిడ్డ జ్వరం నుంచి లేచి వారమే అయింది. పసివాడిని తూకం వేస్తే ఆయుష్షు తరుగుతుందని నా భయం.

నాలుగో తరగతి దాకా నాకు చదువు చెప్పిన దేవేంద్రప్ప అయ్యవారే ఆమె మాటలు తెలుగులో చెబుతున్నారు.

“ఈమెకు బదులు మనోళ్లెవరు పోయినారు అయ్యోరూ?” అన్నాను.

“మద్రాసు పిల్లోడు. ఆడ యంత్రాల చదువు చదువుతాండాడు.”

“వాడు యంత్రాలు చదవల్ల, ఈమె మా బిడ్డల్ని చదవల్లనా? ఈమె తమ్ముణ్ని వాడు కాటాకు కడితే వాళ్లమ్మ ఊరకుంటాదా? అడగండి.”

నేనంత అడిగితే అయ్యవారు ఇంగ్లీషులో ఏవో రెండు ముక్కలే చెప్పారు. ఆమె నవ్వుతూ రాసుకుంది.

నేను కాటా విప్పి వీధిలో పెట్టి, బిడ్డతో లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.