గడకర్ర గెలిచిన రోజు

తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ రెండుసార్లు. బాస్కెట్‌బాల్ కోర్టు చెక్క నేలకు అదే మర్యాద. అతను బారెడు వెడల్పున్న తుడుపుకర్రను ఈ బుట్ట కింది నుంచి ఆ బుట్ట కింది దాకా తోసుకుంటూ పోయాడు. గోడ దగ్గర కర్రను గిరుక్కున తిప్పి, వెళ్లిన దారి పక్కనే మళ్లీ వెనక్కి వచ్చాడు. ఫ్రీ త్రో గీత దగ్గర మాత్రం కర్ర పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏళ్ల తరబడి ఆటగాళ్లు ఆ గీత వెనక నిలబడి, గుండె దడదడలాడుతుంటే బంతిని నేలకేసి కొట్టీ కొట్టీ అక్కడ మెరుగంతా అరిగిపోయింది. అక్కడ పడిన చెమట చుక్క ఆరదు, ఇంకిపోతుంది. దాన్ని చేత్తో తుడవాల్సిందే.

"ఏమయ్యా పొడిగుడ్డా, నేల తుడుస్తున్నావా, దానికి తల దువ్వుతున్నావా?" అన్నాడు స్టేడియం మేనేజరు, తాళాలగుత్తి ఊపుకుంటూ. "తొందరగా కానీ. మధ్యాహ్నం ఆట ఉంది. మధ్యలో పెద్ద తెర మీద ఏదో పోటీ కూడా పెడుతున్నారట."

అతను తల ఊపి మళ్లీ వంగాడు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది గాని, అందరి నోటా అతను పొడిగుడ్డే. ఆట జరుగుతున్నంతసేపూ బుట్ట వెనక బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. ఎవరైనా జారిపడితే, రిఫరీ ఈల ఊదగానే వంగి పరుగెత్తుకెళ్లి ఆ తడి తుడిచి, మళ్లీ ఈల పడేలోగా వెనక్కి వచ్చేస్తాడు. ఆ వంగుడు పరుగు చూసి జనం మొదట్లో నవ్వేవారు. తర్వాత నవ్వడం మానేశారు, చూడటం కూడా మానేశారు.

ఈ ఉద్యోగం అతనికి ఇప్పించింది బావ, అంటే అక్క మొగుడు. బావ అదే స్టేడియంలో స్కోరు బల్ల మనిషి. కరెంటు బోర్డులు రాకముందు బంతి బుట్టలో పడినప్పుడల్లా నిచ్చెన మీద నిలబడి, నల్లరేకు మీద తెల్లరంగుతో రాసిన అంకెలను మేకులకు తగిలించేవాడు. నిచ్చెన మీద బావ, నేల మీద బావమరిది. మధ్యలో ఆడేవాళ్లు తరాలు తరాలుగా మారిపోయారు.

పొద్దున బయల్దేరేటప్పుడు మేనకోడలు గుమ్మం దాకా వచ్చింది. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని, పక్కనే తండ్రి మంచం వేయించుకుని, ఒక కన్ను సూది మీదా ఒక కన్ను ఆయన మీదా పెట్టి బతుకుతోంది. పక్షవాతం వచ్చి బావకు కుడిచెయ్యి చచ్చుబడింది. మాట ముద్దగా వస్తుంది, అదీ ఎప్పుడో.

"మామయ్యా, నిన్నటి నుంచి జావ కూడా పుచ్చుకోవట్లేదు. చెంచా పెడితే పళ్లు బిగపట్టేస్తున్నాడు," అంది. "డాక్టరు చెప్పాడు కదా, కడుపులోకి ఏమైనా పోతేనే మనిషి నిలుస్తాడని. సాయంత్రం వచ్చి నువ్వు కాస్త గొడవ పెట్టుకో."

"గొడవా?"

"అదే, మీ గడకర్ర గొడవ. నువ్వు తిడితే గాని ఆయనకి రోషం రాదు. రోషం వస్తే నోరు తెరుస్తాడు. తెరిచాడా, నేను చెంచా పెట్టేస్తాను."

అతనికి నవ్వొచ్చింది. మేనకోడలు నవ్వలేదు. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది.

గడకర్ర గొడవ ఆ ఇంట్లో కుర్చీ బల్లా లాంటిది, ఎప్పుడూ ఉండేదే. గడకర్ర అంటే పాతకాలపు ఆటగాడు. తాటిచెట్టంత మనిషి, సన్నగా గాలికి ఊగుతున్నట్టు నడిచేవాడు. సిమెంటు నేల మీద గుడ్డ బూట్లతో ఆడాడు. ఫ్రీ త్రో వేసేటప్పుడు బంతిని రెండు చేతులా కిందినుంచి, చంటిపిల్లను ఉయ్యాల్లోంచి ఎత్తినట్టు ఎత్తి వదిలేవాడు. చూసినవాళ్లు పడీ పడీ నవ్వేవారు, బంతి మాత్రం బుద్ధిగా బుట్టలో పడేది. బావకు అతనే దేవుడు. పొడిగుడ్డ దేవుడు వేరు. ఆ తర్వాతి తరంలో వచ్చిన పిడుగు. పొట్టిగా, చురుగ్గా ఉండి, గాల్లోకి లేచాక దిగడం మరిచిపోయినట్టు అక్కడే ఆగేవాడు. ఒకసారి పిడుగు జారిపడి, పరుగెత్తుకొచ్చిన పొడిగుడ్డ భుజం పట్టుకుని లేచాడు. ఆ చొక్కా వారం దాకా ఉతకనివ్వలేదు. చివరికి అక్క చెప్పాపెట్టకుండా నీళ్లలో పడేసింది.

"మీ పిడుక్కి బూట్లకింద గాలి దిండ్లు ఉండేవిరా," అనేవాడు బావ. "సిమెంటు మీద ఎగరమను చూద్దాం, మోకాలి చిప్పలు ఏరుకోవాలి."

"నీ గడకర్రకి అడ్డం పడేవాళ్లెవరు బావా? అందరూ పొట్టోళ్లు, బొజ్జలోళ్లు. వాళ్ల మధ్య నేనూ మొనగాణ్నే."

ఇలా మొదలైతే పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కరెంటు బోర్డు వచ్చి బావ రేకులు మూలపడ్డప్పుడు వాటిని ఇంటికి తెచ్చి, గోడకు రెండు మేకులు కొట్టాడు. ఎడమ మేకు గడకర్రది, కుడిది పిడుగుది. ఎదుటివాడి నోరు మూయించిన ప్రతి మాటకూ ఒక పాయింటు. అక్క మాత్రం ఒక చట్టం చేసింది. రెండు రేకుల మీదా ఒకే అంకె ఉంటే తప్ప ఆ ఇంట్లో కంచం పెట్టదు. "ఈ ఇంట్లో ఎవడూ గెలవడానికి వీల్లేదు," అనేది గరిటె చూపిస్తూ. ఆకలేసినప్పుడు ఎవరో ఒకరు గొణుక్కుంటూ ఎదుటివాడికి ఒక పాయింటు ఇచ్చేవారు. కాని నోటితో 'నీదే నిజం' అని ఇద్దరిలో ఎవరూ ఏనాడూ అనలేదు. అక్క పోయాక కూడా, స్టవ్ వెలిగించే ముందు మగాళ్లిద్దరూ ముందు రేకులు సరిచేసుకునేవారు. అతనికి పెళ్లి కాలేదు. వచ్చిన ఒక్క సంబంధాన్నీ సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. వాళ్లు సీజన్ దాకా ఆగలేదు. అందుకని అతనికున్న సంసారమంతా ఆ రెండు మేకుల మధ్యే నడిచింది.

బావ మంచాన పడ్డ రోజున రేకులు నాలుగూ నాలుగూ దగ్గర ఆగాయి.

మధ్యాహ్నానికి స్టేడియం నిండింది. ఆడపిల్లల కాలేజీ జట్ల ఫైనల్. అతను బుట్ట వెనక తన చోట కూర్చున్నాడు, మడతపెట్టిన గుడ్డ ఒళ్లో పెట్టుకుని. సగం ఆట అయ్యాక దీపాలు తగ్గించి పెద్ద తెర వెలిగించారు. 'అన్ని తరాల్లో మేటి ఎవరు?' అని అక్షరాలు పడ్డాయి. ఒక్కొక్క బొమ్మ వస్తుంది, జనం అరవాలి. అరుపు ఎంత గట్టిగా ఉంటే పక్కన ఎర్రగీత అంత పైకి పోతుంది.

మొదట గడకర్ర బొమ్మ వచ్చింది. బూడిదరంగు ఫొటో. బంతిని రెండు చేతులా మోకాళ్ల దగ్గర పట్టుకుని, కాస్త సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రగీత కదల్లేదు. పొడిగుడ్డ ఒక్క అరుపు అరిస్తే పోయేది. బావ తరఫున అరవొచ్చు. కాని ఏళ్లుగా బిగుసుకున్న నోరు పెగల్లేదు. గడకర్ర కోసం అరవడమా, తనా? తేల్చుకునేలోపు బొమ్మ మారిపోయింది.

పిడుగు వచ్చాడు. అతను లేచి నిలబడి అరిచాడు. ముందు వరసలో బట్టతలల వాళ్లు ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. గీత జానెడు లేచి కూలబడింది. మూడో బొమ్మ ఇప్పుడు ఆడుతున్నవాడిది, పిల్లలంతా రాకెట్ అని పిలుచుకునేవాడిది. పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నట్టు అరుపులు. ఎర్రగీత తెర దాటిపోయింది.

ఆడే జట్టులోని ఇద్దరు పిల్లలు నీళ్లు తాగుతూ అతని పక్కనే నిలబడి ఉన్నారు.

"పిడుగు కూడా మంచోడేనట కదే, మా నాన్న చెప్తుంటాడు," అంది ఒకమ్మాయి.

"ఏం మంచోడే బాబూ! వీడియోలు చూశాను. ఆయనకి అడ్డం పడేవాళ్లెవరు ఆ రోజుల్లో? అందరూ పొట్టోళ్లు, బొజ్జలోళ్లు."

ఆ పిల్లలో దురుసుతనమేమీ లేదు. ఉన్నమాట అనుకున్నది అంది, సీసా మూత బిగించుకుని ఆటలోకి పోయింది. పొడిగుడ్డకు మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టయింది. అవి తన మాటలే. అక్షరం పొల్లుపోకుండా తనవే. ఇన్నేళ్లుగా బావ మొహాన కొట్టినవి. అప్పుడు బావకు ఇలాగే ఉండేదా? ఇలా ఉంటే మరి ఆయన నవ్వుతూ ఎలా భోజనానికి కూర్చునేవాడు? తాము ఎవరి గురించి అంతంత కొట్టుకున్నామో వాళ్లిద్దరూ ఒకే బుట్టలో చెత్తయిపోయారు. ఇక గెలిచి ఎవరికి చూపించాలి? ఆ తర్వాత ఒక పిల్ల జారిపడితే, ఈల రెండోసారి ఊదేదాకా అతను లేవలేదు. మేనేజరు దూరం నుంచి చెయ్యి ఊపి కసురుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. మేనకోడలు జావ గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉంది. "మొదలుపెట్టు," అన్నట్టు కళ్లతో సైగ చేసింది. బావ వెల్లకిలా పడుకుని కప్పు కేసి చూస్తున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఒకప్పుడు నిచ్చెన చివరిమెట్టు మీద చేతులు వదిలేసి నిలబడిన మనిషి, దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు.

అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు. దారంతా తిట్లు కూడబెట్టుకుంటూ వచ్చాడు. తీరా మొహం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. కళ్లముందు ఆ బూడిదరంగు ఫొటో, కదలని ఎర్రగీత. బావ ఎడమచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"బావా, ఇవాళ స్టేడియంలో పోటీ పెట్టారు. అన్ని తరాల్లో ఎవరు గొప్ప అని." గొంతు సవరించుకున్నాడు. "గడకర్రే గెలిచాడు. జనం ఏం అరిచారు బావా! నేనూ అరిచాను. నీదే నిజం. మా పిడుగు ఆయన ముందు నిలవడు."

లేచి వెళ్లి, రేకుల పెట్టెలో వెతికి, ఎడమ మేకుకున్న నాలుగు తీసేసి అయిదు తగిలించాడు. తిరిగి చూసేసరికి బావ అతన్నే చూస్తున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ కళ్లలోకి ఎరుక వచ్చింది. మేనకోడలు ఆశగా గిన్నె ఎత్తింది.

"డాక్టరు... ఏమన్నాడ్రా?" అన్నాడు బావ.

మాట ముద్దగానే వచ్చింది, కాని ఇద్దరికీ అర్థమయింది. గదిలో కుట్టుమిషను మీది గుడ్డముక్క జారి కిందపడింది. ఎవరూ తియ్యలేదు.

"డాక్టరా? ఏమంటాడు బావా, ఏమీ అనలేదు. నేను ఊరికే..." అతనికి చేసిన తప్పు తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ అనని మాట ఇవాళ అన్నాడంటే, బావకు అదే డాక్టరు మాట. "అబద్ధం బావా! గడకర్ర గెలవడమేంటి, నవ్వారు జనం. కిందినుంచి విసిరే ఆ విసురుడికి గెలుపా? నీ గడకర్ర ఉత్త ఎండుకట్టె! వింటున్నావా? ఎండుకట్టె!" అరుస్తున్నాడు. అరుస్తుంటే మొహం మీద నీళ్లు కారిపోతున్నాయి. కన్నీళ్లతో తిట్టే తిట్టుకు ఎవరికి రోషం వస్తుంది?

బావ ఎడమచెయ్యి కొంచెం కదిలింది, ఊరుకోమన్నట్టు.

"జాలిపడి ఇచ్చిన పాయింటు... లెక్కకి రాదురా," అన్నాడు. తర్వాత గోడకేసి చూపు తిప్పాడు. "తీసెయ్."

మేనకోడలు చెంచా దగ్గరికి తెచ్చింది. ఆయన పళ్లు బిగపట్టలేదు. నోరు తెరిచే ఉంది. జావ పెదవి చివరి నుంచి కారి దిండు మీద పడింది. ఆమె కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది, మళ్లీ తుడిచింది. "నాన్నా," అంది మెల్లిగా, నిద్రలేపుతున్నట్టు. కిటికీలోంచి వచ్చే వెలుగు మంచం మీంచి జరిగి నేలమీదికి దిగింది. ఆమె మూడోసారి పెట్టలేదు. గిన్నె కిందపెట్టి, తండ్రి ఛాతీ మీద తల ఆన్చి అలాగే ఉండిపోయింది.

అతను నేల మీద కూర్చున్నాడు. కూర్చున్నప్పుడు తెలియకుండానే బాసింపట్టు పడింది. ఎదురుగా దిండు కింద నేల మీద జావ చుక్క ఒకటి ఉంది. జేబులోని గుడ్డ తీసి దాన్ని తుడిచాడు. మళ్లీ తుడిచాడు. ఆరిపోయిన తర్వాత కూడా తుడుస్తూనే ఉన్నాడు.

పక్కింటివాళ్లు వచ్చారు. కుట్టుమిషను గోడవారకు జరిపారు, మంచం బయటికి తెచ్చారు, ఎవరో దీపం వేశారు. ఒకావిడ అతన్ని ఇంత ఏదైనా తినమంది. అతను లేచి గోడ దగ్గరికి వెళ్లి ఆ రేకు మీద చెయ్యి వేశాడు. తీసెయ్యమన్నాడు బావ. తీసేస్తే నాలుగూ నాలుగూ అవుతాయి. రెండూ సమానమైతే ఈ ఇంట్లో కంచాలు పెట్టాలి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. అతను చెయ్యి దించేశాడు.

వచ్చేపోయేవాళ్లు తలుపు తోసినప్పుడల్లా గాలి కొట్టి, ఎడమ మేకుకు వేలాడుతున్న అయిదు అంకె రేకు గోడకు తగిలి టక్కుమంటోంది.