నీలిరంగు మామగారు

ఆ గోడకు నారింజ రంగు వేయించినవాళ్లూ, వేస్తుంటే చూస్తూ ఊరుకున్నవాళ్లూ, "రంగే కదా, మీ సొమ్మేం పోయింది" అని చేతులు దులుపుకున్నవాళ్లూ, అందరూ వినండి. మీరంతా కలిసి ఒక పెద్దాయన ముఖాన్ని ఏడాది పొడుగునా పాడు చేశారు. ఒకసారి కాదు. ఎడమ పక్కనుంచి, కుడి పక్కనుంచి, టోపీతో, టోపీ లేకుండా, బడిలో ఎంతమంది ఉంటే అన్నిసార్లు. ఆ ముఖంతో పాటు ఒక బొమ్మల బడిని కూడా మూతపడే దాకా తోసుకొచ్చారు. కావాలని చేయలేదంటారు. ఆ మాట మాకూ తెలుసు. తెలిసే అడుగుతున్నాం.

బడి ఒక ఇనుపసామాన్ల దుకాణం పై అంతస్తులో ఉంది. రెండు గదులు. చిన్నగదిలో టీచరమ్మ మరిది పెన్సిల్ పట్టడం, మట్టి పిసకడం నేర్పుతాడు. పెద్దగదిలో టీచరమ్మ రంగులు నేర్పుతుంది. ఆమె భర్త రైళ్లు నడుపుతాడు, ఇంట్లో కంటే ఇంజన్‌లోనే ఎక్కువ ఉంటాడు. కాబట్టి బడి బరువంతా వదినామరుదుల నెత్తినే. వెనక ఏ ట్రస్టూ లేదు, ఏ సర్కారూ లేదు. ఉన్నదల్లా పెద్దగదికి ఉత్తరం వైపు గోడంత కిటికీ. ఉత్తరం నుంచి ఎండ లోపలికి రాదు, వెలుతురు మాత్రం వస్తుంది. పొద్దున్న ముక్కు పక్కన ఉన్న నీడ సాయంత్రానికీ అక్కడే ఉంటుంది. బొమ్మ వేసేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి. ఆ కిటికీని చూసే ఆమె ఆ గదులు అద్దెకు తీసుకుంది, మెట్ల మీద తుప్పు వాసన కూడా భరించింది.

ఆ ఏడాది మొదట్నుంచీ ఒక పట్టాన నడవలేదు. ఊరి అవతల కొత్త కాలేజీ పెట్టారు. చల్లటి గదులు, బల్లకో కంప్యూటరు. బడిలో సగంమంది చెప్పకుండానే అటు జారుకున్నారు. వానలకు చిన్నగది కప్పు కారి, ఆరబెట్టిన మట్టి బొమ్మలు మళ్లీ ముద్దయిపోయాయి. ఏళ్ల తరబడి బొమ్మలకు కూర్చునే ఆవిడ మోకాళ్లు పట్టేశాయని మానేసింది. ఇంకొకర్ని పెట్టుకునే స్తోమత లేక టీచరమ్మ మామగారినే పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన గడియారాలు బాగుచేసి, చూపు మందగించాక మానేసిన మనిషి.

"కదలకుండా కూర్చోవాలి మామయ్యా. కష్టమేమో" అందామె.

"జన్మంతా చేసిందదేగా అమ్మాయ్."

"నిద్రపోకూడదు కూడా."

"ఆ షరతు ముందే చెప్పాల్సింది."

మూడోరోజుకే గురక మొదలైంది. పిల్లలు దానికి తగ్గట్టు కుంచెలు ఆడించడం అలవాటు చేసుకున్నారు. పిల్లలంటే అందరూ చిన్నవాళ్లని కాదు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఉంది, బస్సు కండక్టరు ఉన్నాడు, బేకరీవాళ్ల అమ్మాయి ఉంది. బడిలో మాత్రం అందరూ పిల్లలే.

ఇక గోడ సంగతి. కిటికీ అవతల ఇరుకు సందు, సందు అవతల ఖాళీ స్థలం ఉండేది. ఆ ఏడాది తరగతులు మొదలయ్యే ముందే పరుపుల కంపెనీ యజమాని అందులో గోడౌన్ లేపాడు. ఇటుక మీద ఇటుక లేస్తుంటే టీచరమ్మకు తిండి సహించలేదు. వెళ్లి అడిగింది. "నా స్థలంలో నేను కట్టుకుంటున్నాను, మీ కిటికీని ముట్టుకున్నానా" అన్నాడు పరుపులాయన. మునిసిపల్ ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా, "కిటికీ మూయలేదు కదమ్మా, ఎదురుగా కట్టాడంతే. సరే, చూద్దాం" అని పక్క కుర్చీవైపు తిరిగి కూర్చున్నాడు. గోడ పూర్తయింది. బూడిదరంగు సిమెంటు. గది నూతి అడుగులా అయింది.

అప్పుడు రంగు వేశారు. పరుపులాయన వ్యాన్లు నారింజ, సంచులు నారింజ, పనివాళ్ల చొక్కాలు నారింజ. గోడ కూడా అదే. దాని ముఖం దక్షిణానికి, అంటే బడి కిటికీకి ఎదురుగా. రోజంతా ఎండ దాని మీద పడి, అక్కణ్ణుంచి తిరిగి గదిలోకి దూకేది. నుయ్యి కాస్తా ఒక్క పూటలో పెళ్లివారిల్లయింది. టీచరమ్మ ప్రాణం లేచొచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చెప్పింది. "మీ గోడ పుణ్యమా అని మా వెలుతురు మాకొచ్చిందండీ."

"చూశారా, ఊరికే కంగారు పడ్డారు" అన్నాడాయన.

ఆమె థాంక్స్ కూడా చెప్పింది. దాచేదేం లేదు.

ఆ గదిలో పని అంత బాగా సాగిన ఏడాది మరొకటి లేదు. ఉన్న కొద్దిమందీ పట్టుదలగా వచ్చేవాళ్లు. కండక్టరు బస్సు దిగి, టికెట్ల సంచీ భుజానికి వేసుకునే కుంచె పట్టేవాడు. బేకరీ అమ్మాయి మిగిలిన రొట్టెలు తెచ్చేది, సగం తినడానికి, సగం బొగ్గు గీతలు చెరపడానికి. మామగారి ముఖం రోజురోజుకూ బతికొచ్చేది. టీచరమ్మ వెనక నిలబడి చూసి, నోరు జారి మెచ్చుకునేది, మామూలుగా ఆమె నోట ఆ మాట రాదు. "చెంప మీద ఆ ఎరుపు చూడు, లోపల నెత్తురు తిరుగుతున్నట్టుంది."

ఆ బడికి ఒక నియమం ఉంది. టీచరమ్మ పెట్టిందే. వేసిన బొమ్మ ఏడాది చివర ప్రదర్శన దాకా గుమ్మం దాటకూడదు. ఇంటికి తీసుకెళితే మేనత్త ఆహా అంటుంది, బావ వెక్కిరిస్తాడు, రెంటివల్లా చెయ్యి చెడుతుందని ఆమె వాదం. అందుకని బొమ్మలన్నీ ఆ గదిలోనే పుట్టి, ఆ గదిలోనే ఆరి, ఆ గదిలోనే గోడకు ఆనుకుని నిలబడ్డాయి.

ప్రదర్శన అంటే ఆమెకు సరదా కాదు. వచ్చే ఏడాది ఎవరు చేరతారనేది ఆ రోజే తేలుతుంది. కన్నవాళ్లు, కట్టుకున్నవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు వచ్చి చూసి, బాగుందనుకుంటే పేర్లిస్తారు. "ఈసారి ఇవ్వకపోతే తాళాలు ఇనుపకొట్టాయన చేతిలో పెట్టేద్దాం" అని ముందే మరిదితో అనుకుంది.

ప్రదర్శన రోజు పొద్దున్నే రెండు వీధుల అవతల ఉన్న గ్రంథాలయం హాల్లో బొమ్మలు తగిలించడం మొదలుపెట్టారు. పెద్ద పెద్ద కిటికీలు, తెల్లటి గోడలు, ఆరుబయట ఉన్నంత వెలుతురు. మొదటి బొమ్మకు చుట్టిన గుడ్డ విప్పి మేకుకు తగిలించి, మరిది వెనక్కు జరిగాడు. ఇంకాస్త జరిగాడు.

"వదినా, ఒకసారి ఇటు రా."

ముఖం నీలంగా ఉంది. చెంపలు నీలం, పెదవులు ఊదా, చెవులు వంకాయ తొక్క. రెండోది విప్పారు. నీలం. నర్సమ్మది, కండక్టరుది, అన్నీ విప్పారు. హాలు చుట్టూ మామగారు వరసగా గడ్డకట్టుకుపోయి ఉన్నాడు. అసలు మామగారు అప్పుడే కోటు గుండీలు పెట్టుకుంటూ లోపలికొచ్చి, ఒక చుట్టు చుట్టి చూశాడు.

"ఈ బొమ్మలన్నీ ఎవరివి?"

"మీవే మామయ్యా."

"నేను పోయినట్టు నాకెవరూ చెప్పలేదేం?"

ఎవరికీ నవ్వు రాలేదు. హాల్లో దీపాల తప్పేమోనని మరిది దీపాలార్పాడు. నీలమే. ఒక బొమ్మ పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఆకాశం కింద ఇంకా నీలం. టీచరమ్మ అతని చేతిలో బొమ్మ లాక్కుని, చంకన పెట్టుకుని, బడికి బయల్దేరింది. జనం పక్కకు తప్పుకున్నారు. మెట్లెక్కి, బొమ్మను స్టాండు మీద పెట్టి చూస్తే మామగారు ఎర్రగా, బుర్రగా, ఇప్పుడే తిని లేచినట్టున్నాడు. ఆమెకు మతి పోయిందనిపించింది. కుర్చీలో కూలబడి, తన చేతులవైపు చూసుకుంది. చేతులు నారింజ. గదిగోడలు, అలమారా, తెల్ల కాగితాల కట్ట, అన్నీ నారింజే. ఒక కాగితం తీసి కిటికీలోంచి బయటకు చాపి, ఆకాశానికేసి తిప్పింది. తెల్లబడింది. గోడకేసి తిప్పింది. పండింది.

ఏడాదంతా ఆ గదిలో కూర్చున్నవాళ్లకు అది తెలియలేదు. కన్ను సర్దుకుపోతుంది. నారింజ వెలుతురులో నీలం చప్పబడిపోతుంది, చెయ్యి తెలియకుండానే ఇంకాస్త నీలం కలుపుతుంది, ముఖం ముఖంలా కనిపించేదాకా కలుపుతూనే ఉంటుంది. ఒక్క బొమ్మ ఒక్కసారి గుమ్మం దాటి ఉంటే బయటపడేది. దాటనివ్వలేదు. గోడ పరుపులాయనది, నియమం ఆమెది.

తిరిగి వెళ్లేసరికి హాలు నిండింది. తల్లిదండ్రులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, చావింట్లో మాట్లాడుకున్నట్టు. మధ్యలో పత్రికలో బొమ్మల గురించి రాసే పెద్దమనిషి చేతులు తిప్పుతున్నాడు.

"అద్భుతమండీ. ఒక్క మనిషి, ఒక్క రంగు. వార్ధక్యంలోని శీతల ఏకాంతం. నేను రాసేస్తున్నాను. ఇలా వేయించాలని మీకెలా తోచింది?"

అందరూ ఆమెవైపు తిరిగారు. మరిది ఆమె చెవి దగ్గర గొణిగాడు. "అవునను వదినా. ఆయన రాస్తే కాలేజీకి పోయినవాళ్లు కూడా తిరిగొస్తారు. అవునంటే అరిగిపోతావా."

అనడం ఎంతసేపు. అంటే బడి నిలబడుతుంది. రేపు కండక్టరు మళ్లీ కుంచె పట్టినప్పుడు, వెనక నిలబడి "కనిపించిందే వెయ్యి" అని ఏ నోటితో చెప్పాలి.

"తోచలేదండీ. తప్పు జరిగింది" అంది టీచరమ్మ.

"తప్పేమిటి?"

"మా మామగారు నీలంగా లేరు. అదిగో, ఆ కుర్చీలో ఉన్నారు, చూసుకోండి."

మామగారు లేచి టోపీ తీసి నలువైపులా చూపించాడు, సరుకు బాగుందో లేదో చూసుకోమన్నట్టు. ఇప్పుడు హాలు నవ్వింది.

"ఎవరి బొమ్మ వాళ్లు దించండి. పట్టుకుని నా వెంట రండి. మీరంతా కూడా రండి" అందామె.

పట్టపగలు ఆ రెండు వీధుల్లో నీలిరంగు మామగార్లు బారులు తీరి నడిచారు. కొట్లవాళ్లు బయటికొచ్చి చూశారు. అసలాయన ముందు నడుస్తూ, "వెనక వచ్చేవాళ్లు మా అన్నదమ్ములు" అని అడిగినవాళ్లకు చెప్పాడు. బడి మెట్లు కిక్కిరిశాయి. గదిలోకి అడుగుపెట్టిన బొమ్మ అడుగుపెట్టినట్టే మారిపోయింది. గుమ్మం అవతల నీలం, గుమ్మం ఇవతల నెత్తురు. నర్సమ్మ తండ్రి కూతురి బొమ్మను పట్టుకుని గడప లోపలికీ బయటికీ నాలుగైదుసార్లు తిరిగాడు. పక్కనే మామగార్ని కూర్చోబెట్టించి పోల్చి చూశాడు.

"అయితే మా అమ్మాయి ఉన్నది ఉన్నట్టే వేసిందన్నమాట. వెలుతురే అబద్ధం చెప్పింది" అన్నాడు.

"ఇన్ని చేతులూ ఒకే కొలతన తప్పాయంటే చూపు కుదిరినట్టేగా" అన్నాడు మరిది, ఆ మాట తనకే ముందు తోచినట్టు.

పత్రికాయన కిటికీ దగ్గర నిలబడి తన కాగితాలు నలుపుతున్నాడు. "మరి నేను రాసిందేం చేయను?"

"చించెయ్యండి. ఇది రాయండి" అంది టీచరమ్మ.

ఆయన నిజంగానే చించాడు. బేకరీ అమ్మాయి చిన్నాన్న, తనకూ ఈ వింత నేర్పుతారా అని అడిగాడు. కండక్టరుతో వచ్చిన డ్రైవరు, తన పేరు కూడా రాసుకోమన్నాడు. ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. మరిది పెన్సిల్ వెతుక్కోలేక వదిన జడలో దోపి ఉన్నది లాక్కున్నాడు. తాళాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మామగారు మళ్లీ కుర్చీలో కూర్చుని, అంత గోలలోనూ గురక తీశాడు.

జనాన్ని చూసి సందులోకి పరుపులాయన వచ్చాడు. కిటికీ కింద నిలబడి, ఏమిటి విశేషమన్నాడు. మరిది ఒక బొమ్మను కిటికీలోంచి బయటకు చాపి, ఆకాశానికి ఒకసారి, గోడకు ఒకసారి తిప్పి చూపించాడు.

"ఓరి మీ దుంప తెగ" అన్నాడు పరుపులాయన, ముచ్చటపడి. అంతలోనే గోడవైపు చూసి సర్దుకున్నాడు. "కానీ టీచరమ్మా, మీరే కదా ఈ కిటికీలోంచే థాంక్స్ చెప్పారు."

"చెప్పాను. వెనక్కి తీసుకుంటున్నాను. నా తప్పు నేను దిద్దుకున్నాను. ఇకనుంచి వారానికోసారి ప్రతి బొమ్మా వీధిలోకి వస్తుంది, ఎవరు మెచ్చినా నవ్వినా సరే. ఇక మీరు మీది దిద్దండి. తెల్లరంగు వేయించండి."

"అది మా కంపెనీ రంగండీ."

"ఈ సందులోకి మీ పరుపులు కొనడానికి ఎవరొస్తారు? ఈ గోడను చూసేది మేం ఒక్కళ్లమే. మేం మీ పరుపుల మీద పడుకోం, నిలబడే పనిచేస్తాం."

పైన జనం నవ్వారు. పరుపులాయనకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "సరే, చూద్దాం."

ఆ మాట వింటే టీచరమ్మకు ఒళ్లు మండుతుంది. మునిసిపల్ గుమాస్తా అన్నదీ అదే, కప్పు బాగుచేయమంటే ఇనుపకొట్టాయన అన్నదీ అదే. ఆమె కిటికీలోంచి నడుము దాకా వంగింది.

"చూడడం అయిపోయిందండీ, ఊరంతా చూసింది. నిచ్చెన కింద ఇనుపకొట్లో ఉంది. రంగు డబ్బాలు కూడా అక్కడే ఉన్నాయి. కుంచెలు మా దగ్గరున్నాయి, చేతులు ఇదిగో ఇన్నున్నాయి. ఆ గోడ తెల్లబడాలి, పై అంచు నుంచి నేల దాకా. మీరు చేయాల్సింది ఒక్కటే, ఊఁ అనండి. రేపు ఆలోచించుకుని కాదు, మీ మేనేజర్ని అడిగి కాదు. ఎండ ఇంకా గోడ మీద ఉంది. అది దిగకముందే అనండి."