కాయ కొట్టనన్నాను

నేను టోటో బ్యాటరీలు అమ్ముతాను. మా ఖరగ్‌పూర్‌లో స్టేషను బయటికి రాగానే ఎక్కండి ఎక్కండి అని చుట్టుముట్టే మూడు చక్రాల బండే టోటో. సీటు కింద నాలుగు బ్యాటరీలుంటాయి, వాటి మీదే అది నడుస్తుంది. ఒక్కొక్కటి ఎత్తితే మగవాడికి కూడా నడుం పట్టేస్తుంది కాబట్టి ఇది ఆడవాళ్ల వ్యాపారం కాదని అందరి తీర్మానం. నేను మోయను బాబూ, అమ్ముతాను. ఈ చిన్న తేడా బుర్రకెక్కని వాళ్లతోనే ఇన్నేళ్లూ నా గొడవంతా.

మొన్న వానాకాలంలో మా కంపెనీలో ఏరియా మేనేజర్ కుర్చీ ఖాళీ అయింది. ఎవరో పిలిచి ఇస్తారని కూర్చునే రకాన్ని కాను. ఈ ఏరియా డీలర్లలో సగం మంది నేను తెచ్చినవాళ్లే, ఆ ఉద్యోగం నాకే రావాలని కోల్‌కతా వెళ్లి మొహాన అడిగాను. కొత్తగా వచ్చిన పెద్దసారు రంగనాథ్‌ది హైదరాబాదు. రాధారాణి అన్న పేరు చూసి నన్ను బెంగాలీ అనుకున్నాడట, తెలుగుదాన్నని తెలిసి సంబరపడ్డాడు. తర్వాత నా ఖరగ్‌పూర్ యాస తెలుగు విని నవ్వాడు. మీకు రిలేషన్స్ బాగా ఉన్నాయని విన్నానంటూ పక్కనున్న వినోద్ వైపు చూశాడు. వినోద్ నాతోపాటు పనిచేసేవాడే, ఆ కుర్చీకి నాకు పోటీ. అతను తల వంచుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వుకి అర్థమేమిటో ఉద్యోగం చేసే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నా రిలేషన్స్ ఎలాంటివో చెబుతాను, వినండి. మా ఊళ్లో ఇందా అనే పేట ఉంది, ఆ బజారులో హారుదా అనే పెద్దాయన గ్యారేజీ ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన కుర్చీ కూడా చూపించలేదు, మీ ఆయన్ని పంపమన్నాడు. మా ఆయన బడిలో లెక్కలు చెబుతాడు, బ్యాటరీల సంగతి ఆయనకేం తెలుసని అడిగాను. వారం వారం వెళ్లి, ఎవరి బ్యాటరీ ఎందుకు చచ్చిందో టోటోవాళ్లనే అడిగి తెలుసుకున్నాను. మాది చెడిపోతే చెడిపోయిందని నేనే ముందు ఒప్పుకున్నాను, మార్చి ఇచ్చేదాకా మా ఆఫీసువాళ్ల ప్రాణం తీశాను. హారుదా భార్యకి ఆపరేషన్ అయినప్పుడు ఆమె మంచం పక్కన కూర్చున్నాను, ఆ రోజుల్లో బ్యాటరీ మాటెత్తలేదు. ఇందులో నవ్వడానికేముందో వినోదే చెప్పాలి.

చివరికి రంగనాథ్ ఒక షరతు పెట్టాడు. గోడౌన్‌లో ఏడాదికి పైగా పడి ఉన్న పాత బ్యాటరీల లాటు ఉంది. విశ్వకర్మ పూజకి దాన్ని డీలర్లకి అంటగడితే కుర్చీ నాది. ఆ పూజ రోజు మా ఊళ్లో యంత్రమున్న ప్రతిచోటా పండగే. టోటోవాళ్లు బండి తిప్పరు. కడిగి, దండలేసి, కొత్త బ్యాటరీలు ఆ రోజే వేయించుకుంటారు. అంత బేరం మాకు ఏడాదిలో మళ్లీ ఉండదు. అన్నాళ్లు పడున్న బ్యాటరీ ఆర్నెల్లు నడిస్తే గొప్ప. కుదరదన్నాను. ఆలోచించుకోమన్నాడు. ఆలోచించేదేమీ లేదని లేచి వచ్చేశాను.

హారుదా గ్యారేజీలో పూజకి ఒక ఆచారం ఉంది. రైల్వే వర్క్‌షాపులో మా తెలుగు ఫిట్టర్లు విశ్వకర్మ ముందు కొబ్బరికాయ కొట్టడం ఆయన ఎప్పుడో చూశాడు. తన దగ్గర కూడా కొత్త బ్యాటరీల ముందు కాయ కొట్టించాలని ముచ్చటపడ్డాడు. బ్యాటరీలిచ్చే దీదీయే, అంటే నేనే, కొట్టాలన్నాడు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా తమ్ముడి క్వార్టర్స్‌లో ఉండే మా అమ్మ ఈ సంగతి విని లబలబలాడింది.

"మొగుడుండగా ఆడదానివి నువ్వు కాయ కొట్టడమేటే? సూసినోళ్లు ఏటనుకుంటారు?"

అనుకునేవాళ్లని వచ్చి బ్యాటరీలు కొనమన్నాను. అప్పట్నుంచి ఏటా నేనే కొడుతున్నాను. నేను కాయ కొట్టిన బ్యాటరీ మోసం చెయ్యదని టోటోవాళ్లకి గురి.

ఈ ఏడు నేను వెళ్లేసరికి విశ్వకర్మ బొమ్మ ముందు బ్యాటరీలు పేర్చి ఉన్నాయి. రంగనాథ్, వినోద్ ముందు వరసలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్లని చూడగానే నాకు అనుమానమొచ్చింది. సరుకు ఎవరు దింపారని హారుదాని అడిగాను. వినోద్ దింపాడనీ, దీదీ పంపిందన్నాక ఇంక చూసుకునేదేముందనీ అన్నాడు. నేను ఆర్డరు పెట్టింది కొత్త సరుకుకి. దగ్గరికెళ్లి చూస్తే తయారైన తేదీ మీద కొత్త స్టిక్కరుంది. గోరుతో గీకాను. కింద పాత తేదీ బయటపడింది.

కొబ్బరికాయ అప్పటికే నా చేతిలో పెట్టారు. టోటోవాళ్లంతా నా చేతి వంకే చూస్తున్నారు. కొట్టేస్తే కుర్చీ నాది. రంగనాథ్ కళ్లతోనే ఆ మాట చెప్పాడు. ఆ కుర్చీ నాకు కావాలి, ఎంత కావాలో దాచుకోవడం నాకు చేతకాదు. అయినా కాయని బల్ల మీద పెట్టేశాను. ఇవి పాతవి, నా పేరు చెప్పి దింపారు, వీటి ముందు నేను కాయ కొట్టనని అందరికీ వినబడేలా బెంగాలీలో చెప్పాను.

రంగనాథ్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు. "కంపెనీ పరువు తీశారు. ఆ పోస్టు ఇక మర్చిపోండి."

టోటోవాళ్లు కూడా నన్ను మెచ్చుకోలేదు. పండగపూట బండికి బ్యాటరీ లేకుండా పోయిందని నా మీదే విరుచుకుపడ్డారు. హారుదా మొహం తిప్పుకున్నాడు. అది తట్టుకోలేకపోయాను, ఏడుపొచ్చింది. వినోద్ ముందు ఏడవడమేమిటని మింగేసి, మేదినీపూర్‌లో ఉన్న మా ఇంకో డీలరుకి ఫోన్ చేశాను. పూజ రోజున ఒక డీలరు తన సరుకు ఇంకో డీలరుకి ఇవ్వడం ఈ వ్యాపారంలో ఎవరూ వినలేదు. ఆయన ఎందుకని అడగలేదు, ఎన్ని కావాలని మాత్రం అడిగి బండి పంపించాడు.

మధ్యాహ్నానికి సరుకు దిగింది. హారుదా ఒక్కో బ్యాటరీ తేదీ పైకి చదివి వినిపించి, కాయ తీసుకొచ్చి నా చేతికిచ్చాడు. కొట్టాను. ఒక్క దెబ్బకే పగిలింది.

సాయంత్రానికి ఒక్క బ్యాటరీ మిగల్లేదు. రంగనాథ్ నన్ను పక్కకి పిలిచాడు. అమ్మకాలు బాగానే అయ్యాయి కదా, ఆ లాటు సంగతి హెడ్డాఫీసుకి రాయొద్దు, పోస్టు విషయం మళ్లీ చూద్దాం అన్నాడు.

"రాసేసినాను సార్. ఫొటోలు కూడా పంపించేసినాను. పోస్టు వినోద్‌కి ఇచ్చుకుంటే ఇచ్చుకోండి. నాను మాత్రం రేపు పొద్దున్న ఇందాలోనే ఉంటాను. ఏ కంపెనీ బ్యాటరీతో ఉంటానన్నది మీరే తేల్చుకోండి."

ఈసారి నా తెలుగు విని ఆయన నవ్వలేదు.

పోయిన నెల హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏరియా మేనేజర్ అని ఉంది, దాని ముందు తాత్కాలిక అని కూడా ఉంది. వినోద్‌కైతే ఆ మాట పెట్టేవాళ్లా అని రాసి తిప్పి పంపేశాను. ఇంకోటి ఇంతవరకూ రాలేదు. జీతం పాతదే, తిరిగేది మాత్రం ఏరియా అంతా. నిన్న హారుదా తనకి తెలిసిన కొత్త డీలరొకణ్ణి పిలిచి, ఈవిడే మా ఏరియా మేనేజర్ అని పరిచయం చేశాడు. నేను అవునన్నాను.