ప్రెస్సులో ఉండిపోయిన రెండు వేళ్లు

పదకొండింటికి అక్క షెడ్డు తలుపు తీసి, పవర్ ప్రెస్సుకి నూనె పెట్టి, గుడ్డతో తుడిచింది. లోపల ఉన్న వేళ్లు రెండూ టక్‌టక్‌మని ఇనుము మీద కొట్టి పలకరించాయి. అవి ఆమె ఎడమచేతివే. గిన్నెల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు తెగి అందులో ఉండిపోయాయి. రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్సు దిగాలి. పని త్వరగా తెమలాలని సూపర్‌వైజరు ఒక బటన్‌ను తీగతో కట్టేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత ఇనుముకు పోయే ప్రెస్సును ఆమే తెచ్చుకుంది.

ఆ టకటక విన్నాకే ఆమె తమ్ముడికి బ్యాండు పెట్టాలని బుద్ధి పుట్టింది. పేరు ‘తుప్పు’. వేదిక మీద ప్రెస్సును అక్కే నడుపుతుంది, డ్రమ్మరు ఇప్పటికీ ఆ వేళ్ల తాళం పట్టుకునే వాయిస్తాడు. ఇరవై ఏళ్లలో వాళ్లు చేయని వెధవపని లేదు. వేదిక మీద గ్రైండరుతో నిప్పురవ్వలు కురిపించారు. ముందు వరుసలో వాళ్ల మీద మడ్డినూనె పోశారు. సైనికుల బూట్లేసుకుని జనాన్ని తిట్టారు, తిట్టేకొద్దీ జనం ఎగబడ్డారు. టికెట్టు కొనుక్కుని మరీ తిట్టించుకునేవాళ్లను ఏమనాలో అక్కకి ఇంతవరకూ తెలియలేదు.

ఇక పాటలు పాడే తమ్ముడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏనాడూ స్పానరు పట్టని మనిషి, దర్జీ చేత చిరుగులు పెట్టించుకున్న ఖాకీ చొక్కా వేసుకుని తాను కార్మికుల గొంతునంటాడు. ఎడమచేతి చివరి వేళ్లు రెండూ మడిచి, టేపు చుట్టి, తెగిపోయాయని చెప్పుకుంటాడు. అక్క ఇదంతా ఓర్చుకుంది. బ్యాండు చరిత్ర రాయించినప్పుడు ఆ వేళ్లు ఎవరివో అందులో వేయిస్తానని వాడు మాటిచ్చాడు మరి.

ఆ పుస్తకం ఇవాళే వచ్చింది. డ్రమ్మరుతో కలిసి రిహార్సలుకి వచ్చిన తమ్ముడు దాన్ని అక్క చేతికిచ్చాడు. అక్క పేజీలు తిప్పింది. గాయకుడి వేళ్లు మింగిన ప్రెస్సట.

“ఇవి నీ వేళ్లట్రా?”

“కథకి బాగుంటుందని అలా రాయించానక్కా. నువ్వూ ఉన్నావుగా. చివర్లో చూడు, సామాను మోసినవాళ్లకి కృతజ్ఞతలని ఉంటుంది.”

“మార్పించు. లేకపోతే సాయంత్రం కచేరీలో ప్రెస్సు నేను నడపను.”

“నువ్వు లేకపోతే ఆగిపోతుందనుకున్నావా? నేనే నడుపుకుంటా,” అని తమ్ముడు నవ్వి, ఒక చేతికి మైకు కావాలి కాబట్టి, తీగ ముక్క తెచ్చి ఒక బటన్‌ను బిగించి కట్టాడు.

అక్క ఆ తీగ వైపు చూసింది. ఇరవై ఏళ్లు వీణ్ణి వెంటేసుకుని తిరిగినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. కటింగ్ ప్లయరుతో తీగ తెంపేసి, ప్రెస్సు మీద చెయ్యి వేసి, “రండి, పోదాం,” అంది.

టకటక ఆగింది. ఆమె చేతి తొడుగులో ఖాళీగా వేలాడే వేళ్లు రెండూ నిండాయి.

డ్రమ్మరు కర్రలు ఎత్తినవాడు ఎత్తినట్టే కూర్చున్నాడు. తమ్ముడు మళ్లీ తీగ చుట్టబోయి, అడ్డుగా ఉందని టేపు పీకేశాడు. మడిచిన వేళ్లు తెరుచుకోలేదు. రెండో చేత్తో లాగాడు, పళ్లతో పట్టి లాగాడు. అవి అరచేతికి అతుక్కునే ఉన్నాయి.

“పోనీలే అన్నా,” అన్నాడు డ్రమ్మరు, “పుస్తకం మార్చక్కర్లేదు.”

అక్క తలుపు దగ్గర నుంచి అది చూసి, వెళ్లి బస్సెక్కింది. కూర్చోవడానికి చోటు లేదు. తొడుగు విప్పి, అయిదు వేళ్లతోనూ రాడ్డు పట్టుకుని నిలబడింది.