గుంపు నడుమ నీలం

రాత్రి ఆకాశాన్ని ఫొటో తీసిన గాజుపలకను చట్రంలో నిలబెట్టి, నున్నటి వైపే తనకు ఎదురుగా ఉందని మళ్లీ చూసుకుంది సబోహత్. అబ్జర్వేటరీలో చేరిన ఏడాది బొమ్మ పడే మందు పూత మీదే సిరాచుక్క పెట్టి ఒక పలకను పాడుచేసింది. ఇరవై ఆరేళ్లయినా ఆ భయం పోలేదు. ఊపిరి తగలకుండా మూతికి గుడ్డ కట్టుకుని భూతద్దం మీదికి వంగింది.

వందల గెలాక్సీలు ఒకచోట గుమిగూడిన గుంపు అది. నీలి వడపోత అద్దంతో తీసిన పలకలో ముదురుగా పడ్డవి ఇంకా నక్షత్రాలను కంటున్నవి. ఎర్ర పలకలోనే ముదురుగా ఉన్నవి కనడం మానేసినవి. గుంపు నడుమకు చేరితే నక్షత్రాలు పుట్టే వాయువంతా ఊడ్చుకుపోయి, ఏదైనా గొడ్డుపోవలసిందే. కానీ కిందటి నెల సరిగ్గా నడుమ ఆమెకు ఒక నీలిది కనిపించింది. దాని చుట్టూ సున్న చుట్టింది. సబోహత్‌కు ఒక్కటే కాన్పు. ఆ పిల్లా నిలవలేదు.

ఎంత దూరపు గెలాక్సీ అంత వేగంగా దూరమవుతుంది. కాకసస్‌లోని పెద్ద దుర్భిణి వాళ్లు దాని వేగం కొలిచి, అది గుంపులోదేనా అన్నది తంతి పంపాలి.

"వచ్చిందా?"

"వస్తే చెప్పక నేనేమైనా తినేస్తానా అక్కా?" అన్నాడు ఖగోళ శాస్త్రవేత్త ఎర్గష్.

"రెండింటికి వ్యాను. తాష్కెంట్లో నా గుండె కోసినప్పుడు నేను మళ్లీ లేవకపోతే? అసలు దారిలోనే బ్రేకులు పోతే?"

"బ్రేకుల కంటే ముందు నీ మాటలకు డ్రైవరు ప్రాణం పోతుంది."

రెండింటికి పావుగంట ముందు తంతి వచ్చింది. ఎర్గష్ చదివాడు.

"వేగం చాలా తక్కువక్కా. అది గుంపులోది కాదు. ఎంతో ఇవతల ఒంటరిగా ఉంది. గుంపుకు అడ్డంగా కనబడిందంతే."

సబోహత్ మూతిగుడ్డ విప్పింది.

"ఎప్పటికైనా గుంపులో పడుతుందా?"

"పడదు."

"అయితే కంటూనే ఉంటుంది."

"ఉంటుంది."

"పోనీలే. బతికిపోయింది."

స్పిరిటు దూదితో సున్నను తుడిచేసింది.

వ్యాను హారను మోగింది. ఎర్గష్ వంటింట్లోంచి గుండ్రటి రొట్టె తెచ్చాడు. అక్కడి ఆచారం ప్రకారం దూరం వెళ్లేవాళ్లు ఒక్క ముక్క కొరికి వెళ్లాలి. మిగతాది వాళ్లు తిరిగొచ్చి తినేదాకా గోడకు వేలాడుతుంది.

"గట్టిగా కొరుకక్కా. చీమ కొరికినట్టుంది."

"మిగతాది తినడానికి వస్తాగా," అంది నములుతూ.

నాలుగో రోజు తాష్కెంట్ నుంచి ఫోను వచ్చింది. ఆమె లేవలేదట. ఎర్గష్ ఫోను పెట్టేసి, రొట్టెను దించబోయి ఆగిపోయాడు.

అది ఇప్పటికీ మేకుకే ఉంది, రాయిలా ఎండిపోయి. అంచున చిన్న గాటు. ఆ గాటు నడుమ, ఆమె పై వరసలో పన్ను లేనిచోట, తెగకుండా మిగిలిన సన్నని రొట్టె పలుకు.