నూతికి నిద్ర

మా బామ్మర్ది గంగులు ఆయిలింజను తెచ్చిన రోజున ఊళ్ళో అందరికంటే ఎక్కువ సంబరపడ్డవాణ్ణి నేనే. ఎందుకు పడనూ? పెళ్ళయిన నాటినుంచీ వాళ్ళ నూతి మీద ఏతం తొక్కినవాణ్ణి. దూలం మీద ఇటు నడిస్తే బాన నూతిలోకి దిగుతుంది, అటు నడిస్తే నీళ్ళతో పైకొస్తుంది. పొద్దు పొడిచింది మొదలు ఆ నడకే, ఎక్కడికీ చేరని నడక. నా మోకాళ్ళు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

అది అరవై ఆరో సంవత్సరం. శ్రీకాకుళం నుంచి ఎడ్లబండి మీద దిగిన ఇంజనుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. గంగులు హేండిలు తిప్పాడు. నల్లటి పొగ కక్కి, దగ్గి, డగడగమంటూ అందుకుంది. నేను పూటంతా తొక్కితే పారే నీళ్ళు, చుట్ట కాల్చి పారేసేలోపు మడిలో ఉన్నాయి.

"బావా, ఇంక నువ్వు కూకో," అన్నాడు గంగులు.

కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది.

మాది కళింగపట్నం పక్కన చిన్న ఊరు. సముద్రపు హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. ఊరందరికీ తియ్యటి నుయ్యి అదొక్కటే, గంగులు తండ్రి తవ్విన నుయ్యి. దానికొక కట్టుబాటు ఉండేది. దీపాలు పెట్టాక ఎవరూ చేద వెయ్యకూడదు. "నుయ్యి పడుకున్నాది, నేపకండ్రా!" అని మా అత్త మరిడమ్మ అరుగు మీంచి కేకేసేది. నుయ్యి పడుకోవడమేమిటి, దాన్ని లేపడమేమిటి అని నవ్వుకునేవాళ్ళం గాని ఆ మాట ఎవరూ దాటలేదు. ఏతం తొక్కేవాడికీ రాత్రి నిద్ర కావాలి కదా.

ఇంజనుకి నిద్ర అక్కర్లేదు. డీజిలు పోస్తే చాలు.

చోళ్ళు, మిరప లాంటి మెట్టపంటలు వేసుకునే చేలో గంగులు వరి వేశాడు. మొదటి ఏడు పండింది కూడా. మా పిల్లలు పూటపూటా వరన్నం తిన్నారు, ఆ మాట దాచితే కళ్ళు పోతాయి. రెండో ఏడు వానలు మొహం చాటేశాయి. చుట్టుపక్కల ఎక్కడ చూసినా నెర్రెలే, పచ్చగా ఉన్నది గంగులు చేనొక్కటే. దాన్ని నిలబెట్టుకోడానికి దీపాలు పెట్టాక కూడా ఇంజను ఆడించాడు. అప్పటికి మంచం పట్టిన మరిడమ్మ లోపల్నుంచి అరిచేది. ఆ డగడగలో ఎవరికి వినిపిస్తుంది? నీళ్ళు అడుగంటితే నూతిని ఇంకా లోతు చేశాం. ఊట జోరుగా వచ్చింది. అమ్మవారి చలవ అనుకుని దణ్ణం పెట్టుకున్నాం.

ఒకనాడు పొద్దున్నే నా పెళ్ళాం దాలమ్మ తల్లికి చెంబుతో నీళ్ళిచ్చింది. ముసలిది ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

"ఒసే దాలమ్మా, నీళ్ళల్ల ఉప్పేసినావేటే?"

నేనూ తాగి చూశాను. ఉప్పే.

చూడ్డానికి జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. ఇసక నేలలో తియ్యటి నీళ్ళు ఉప్పునీళ్ళ మీద మీగడలా తేలుతుంటాయట. నిదానంగా తోడుకుంటే మళ్ళీ ఊరతాయి, ఆబగా లాగితే కిందివి పైకొస్తాయి. "ఇంజను ఆపండి. వానలు పడితే చూద్దాం," అని జీపెక్కాడు.

"ఆపితే సేను సచ్చిపోతాది, ఆపకపోతే నుయ్యి సచ్చిపోతాది. ఏటి సెయ్యమంటావు బావా?" అన్నాడు గంగులు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. మాకు ముందూ వెనకా ఆ నుయ్యే. పోనీ మళ్ళీ ఏతం ఎక్కుదామంటే దూలాన్ని ఎప్పుడో కోసి పశువులశాలకి వేసేశాం. కోపమొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలీలేదు. మా పిల్లలకి అన్నం పెట్టిన ఇంజనుని తిట్టడానికి నోరు రాలేదు.

ఆఖరికి ఆపేశాం. చేను ఎర్రబారింది. నీళ్ళ ఉప్పదనం మాత్రం తగ్గలేదు. బిందెలు పట్టుకుని వచ్చినవాళ్ళు గట్టు మీద కాసేపు నిలబడి, గంగులుని ఒక్క మాటనకుండా వెళ్ళిపోయేవాళ్ళు. తిట్టినా బాగుండేది.

మరిడమ్మకి మాత్రం ఉన్నది చెప్పలేకపోయాం. "ఇంజినాపినామమ్మా, నుయ్యి పడుకున్నాది," అని గంగులు నమ్మించాడు. దాలమ్మ వంశధార వెంట ఎగువకి పోయి, ఇసకలో చెలమ తవ్వి కడవ నింపి తెచ్చేది. మొదటిసారి తెచ్చిన నాటి మధ్యాహ్నం ఆ నీళ్ళు ముసలిదానికి పట్టింది. గుటకలేసి తాగి, పెదాలు చప్పరించి నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి.

"తియ్యగున్నాయిరా! మన నుయ్యి నేసినాదేటి?"

దాలమ్మ మొహం తిప్పుకుంది.

"నేసినాదమ్మా," అన్నాడు గంగులు.

"మరింకేటి సూస్తన్నావు? ఇంజినెయ్యి. సేనెండిపోతాది."

గంగులు నా వైపు చూశాడు. లేచి బయటికి పోయి, డబ్బాలో అడుగూబొడుగూ మిగిలిన డీజిలు పోసి హేండిలు తిప్పాడు. తడపడానికి చేను లేదు. అందుకని నీళ్ళు పోసే గొట్టాన్ని నూతి వైపే తిప్పాడు. ఉప్పునీళ్ళు నూతిలోంచి వచ్చి నూతిలోనే పడుతున్నాయి. నేనూ వెనకే వెళ్ళి నిలబడ్డాను. పొగ మా ఇద్దరి మొహాలకీ కొడుతోంది. కళ్ళనీళ్ళు అందువల్లేనని ఇద్దరం అనుకున్నాం.

కాసేపటికి దాలమ్మ వచ్చి తమ్ముడి చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"దీపాలేళకి ఆపీమంటన్నాదిరా అమ్మ."

గంగులు తలూపాడు. ఈసారి అమ్మ మాట విన్నాడు.