పక్క సీట్లో దగ్గు

విమానం ఇంకా నేల మీద ఉండగానే కిటికీ పక్కనాయన మూడుసార్లు దగ్గాడు. అదేమీ గొంతు సవరించుకునే మర్యాద దగ్గు కాదు. కడుపులో మొదలై, ఛాతీని కుదిపేసి, ముందు సీటుకున్న మడత బల్లను కూడా గలగలలాడించే దగ్గు. ఆ దగ్గుకి మధ్య సీట్లో ఉన్న కళ్లద్దాలమ్మాయి బిగుసుకుపోయింది.

కళ్లద్దాలమ్మాయి అనేది ఆమె పనిచేసే షాపులో అందరూ పిలిచే పిలుపు. వయసు నలభైకి దగ్గరపడినా అమ్మాయి అన్న తోక మాత్రం ఊడలేదు. అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించడం, వంకరపోయిన కాడలు సరిచేసి మొహానికి కుదర్చడం ఆమె పని. మనిషి మొహాన్ని జానెడు దూరం నుంచి చూడటం ఆమెకు రోజూ ఉండేదే. కానీ ఇవాళ మాత్రం ఏ మొహమూ ఆమె దగ్గరికి రాకూడదు.

ఎల్లుండి ఆమె అన్నయ్య ఉండే ఊళ్లో ఆస్పత్రిలో చేరాలి. ఆమె కిడ్నీల్లో ఒకటి తీసి అన్నయ్యకు పెడతారు. పరీక్షలన్నీ అయ్యాయి, అన్నీ కలిశాయి. డాక్టరు మరీమరీ చెప్పింది ఒక్కటే. జలుబు చేసినా, ఒళ్లు వెచ్చబడినా ఆపరేషన్ ఆపేస్తారు. ఆపితే మళ్లీ ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. ఈ మధ్యే అన్నయ్య ఇన్ఫెక్షన్‌తో చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఇప్పుడు కాస్త కోలుకున్నాడు, ఈ కాస్త ఎన్నాళ్లుంటుందో తెలియదు.

అందుకే వదిన రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది. ఎత్తగానే, "జలుబేం చెయ్యలేదు కదా?" అంటుంది. ఎలా ఉన్నావు అని లేదు, తిన్నావా అని లేదు. ఈ ఇంట్లో నా ముక్కుకున్న విలువ నాకు లేదని కళ్లద్దాలమ్మాయి తన భర్త దగ్గర విసుక్కునేది కూడా. అన్నయ్య అయితే కిడ్నీ మాటే ఎత్తడు. ఒకే ఒక్కసారి, "నువ్వు రాకపోయినా నేనేమీ అనుకోనమ్మా" అన్నాడు. రమ్మని పోరుపెడితే ఎదురు చెప్పేదేమో గానీ, ఆ మాట ఆమెను వెనక్కి తగ్గకుండా కట్టేసింది.

ఆమెకు భయంగా ఉంది.  మత్తు ఇచ్చాక మళ్లీ కళ్లు తెరవనేమోనని భయం. బడికి వెళ్తూ కూతురు, "ఒకటి ఇచ్చేస్తే మళ్లీ మొలుస్తుందా అమ్మా?" అని అడిగితే నవ్వేసింది గానీ, ఆ తర్వాత బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చింది. ఈ సంగతి భర్తకు కూడా తెలియదు.

దగ్గు మళ్లీ వచ్చింది. ఆమె గబగబా సంచిలోంచి మాస్కు తీసి పెట్టుకుంది. విమానం నిండుగా ఉంది, మారదామంటే ఒక్క సీటు కూడా ఖాళీ లేదని ఎయిర్‌హోస్టెస్ చెప్పింది. అది విని నడవ పక్కన కూర్చున్న పెద్దావిడ కలగజేసుకుంది. ఆవిడ రిటైరైన బస్సు కండక్టరు. ఎక్కినప్పటి నుంచీ చుట్టుపక్కల సామాన్లన్నీ తనే సర్దిస్తోంది. ఎవరి సంచి ఎక్కడ పెట్టాలో, ఎవరి మోకాలు ఎక్కడిదాకా రావచ్చో ఆవిడే తేలుస్తోంది. విమానం నడపనివ్వలేదన్నదొక్కటే ఆవిడకు లోటు.

"ఇటు రా అమ్మాయ్, నా సీట్లో కూర్చో. నేను మధ్యలోకి వెళ్తాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లోవాళ్ల దగ్గులన్నీ నా మొహం మీదే. కొత్తగా నాకయ్యేదేముంది?" అంది.

లేచి సీటు మారడం ఎంతసేపు? బెల్టు విప్పడానికి కళ్లద్దాలమ్మాయి చెయ్యి కదిలింది కూడా. అంతలో ఆమె నోటి నుంచి, "పర్వాలేదండీ, ఇక్కడే బాగుంది" అన్న మాట వచ్చింది.

ఎందుకలా అన్నానని ఆమె తనను తానే అడుగుతూ కూర్చుంది. పెద్దావిడను ఇబ్బంది పెట్టకూడదని చెప్పుకుంది. మాస్కు ఉందిగా అని చెప్పుకుంది. భోజనం ట్రేలు వచ్చాక మాస్కు తీసింది, ట్రేలు వెళ్లిపోయాక కూడా మళ్లీ పెట్టుకోలేదు. పక్కాయన దగ్గుతూనే ఉన్నాడు. మొదట ప్రతి దగ్గుకీ మొహం పక్కకి తిప్పుకునేది. క్రమంగా దగ్గు ఆగినప్పుడల్లా, ఇంకోసారి వస్తే బాగుండునని చెవి అటే పెట్టేది.

అప్పుడు గానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. జలుబు చేస్తే డాక్టరే వద్దంటాడు. తను వెనక్కి తగ్గినట్టు కాదు. అన్నయ్య ఏమీ అనుకోడు, వదినకు తిట్టే వీలుండదు, పైగా అందరూ నీ తప్పేముంది అంటారు. కర్రా విరగదు, పామూ చావదు. కానీ చచ్చేది పాము కాదని, అన్నయ్యేనని ఆమెకు తెలుసు. తెలిసీ మాస్కు పెట్టుకోలేదు. కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకుంది.

కండక్టరమ్మ దగ్గర నిద్ర నటించడమంటే చేపకు ఈత నేర్పడమే. టీ వచ్చినప్పుడు భుజం తట్టి లేపి, గొంతు తగ్గించి అంది.

"బస్సులో చాలామందిని చూశాను. దిగడం ఇష్టంలేనివాళ్లు ఇలాగే కళ్లు మూసుకుంటారు. స్టాపు దాటాక లేచి, అయ్యో, నిద్ర పట్టేసిందంటారు."

"దిగాల్సిన చోటే దిగుతానండీ" అంది కళ్లద్దాలమ్మాయి. ఆవిడ ఇంకేమీ అడక్కుండా టీ తాగి, తను మాత్రం నిజంగానే నిద్రపోయింది.

కిటికీ పక్కాయన ఏదో కాగితం చదవడానికి తంటాలు పడుతున్నాడు. కళ్లద్దాలకు ముక్కు మీద ఆనే మెత్త ఒకవైపు ఊడిపోయింది. అద్దాలు ఒక పక్కకి జారుతుంటే వేలితో పట్టుకుని చదువుతున్నాడు. ఆమె సంచిలో అలాంటి మెత్తలు చిన్న డబ్బీలో ఎప్పుడూ ఉంటాయి. ఇలా ఇవ్వండి, బాగుచేస్తానంది. సాయం చేయాలనే అందా? కొంత అదీ ఉంది. మిగతాది ఏమిటో ఆమెకే తెలుసు.

మెత్త అతికించింది, కాడలు సరిచేసింది. షాపులో చేసినట్టే అద్దాలు తన చేతులతోనే ఆయన మొహానికి పెట్టి, సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటానికి దగ్గరికి వంగింది. ఆయనకు దగ్గు ముంచుకొచ్చింది. ఆమె వెనక్కి జరగలేదు. నోరు తెరిచి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

ఆయన సిగ్గుపడిపోయి మొహం తిప్పుకుని, తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఊపిరి తిరిగాక, "భయపడకమ్మా, ఇది అంటుకునేది కాదు" అన్నాడు. "పిండిమిల్లు నడిపేవాణ్ణి. పిండంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ఎక్కే ముందు డాక్టరు పరీక్షలు చేసి చూశాడు. రోగం నాదే, ఇంకొకరికి రాదన్నాడు."

ఆమెకు ఊరట కలగాలి. కలగలేదు. చేతికందిన ముద్ద ఎవరో లాక్కున్నట్టు చెప్పలేనంత నిరాశ కలిగింది. తోడబుట్టినవాడు బతికే దారి తెరుచుకున్నందుకు నిరాశ. ఛీ, నేనేం మనిషిని అనుకుంది. ఆయన మాత్రం అద్దాలు చక్కగా కుదిరాయని మురిసిపోతూ, డబ్బులెంతని అడిగాడు. అక్కర్లేదంది. 

విమానం దిగి సామాను తీసుకుని బయటికొచ్చేసరికి వదిన రెయిలింగు దగ్గర నిలబడి ఉంది. ఫోన్లో చూసినదానికన్నా చిక్కిపోయింది. దగ్గరికి రాగానే, "జలుబేం చెయ్యలేదు కదా?" అంది.

కళ్లద్దాలమ్మాయి జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఆ దగ్గు వినిపించింది. పిండిమిల్లాయన బండి తోసుకుంటూ వచ్చి, అద్దాలు ఇంచు కూడా జారట్లేదని ఆమెకు చెప్పి, మళ్లీ దగ్గుకుంటూ వెళ్లిపోయాడు. వదిన మొహం పాలిపోయింది.

"నీ పక్కనే కూర్చున్నాడా ఆయన? దారంతానా?"

ఆమె తలూపింది.

వదిన అక్కడే సామాను బండి అంచున కూలబడింది. డాక్టరుగారికి చెప్పక తప్పదు, ఆపేస్తారు కాబోలు అని తనలో తనే అనుకుంది. తర్వాత తలెత్తి, "నీ తప్పేముందిలే" అంది.

ఆ మాటే. దారంతా ఆమె వినాలని కోరుకున్న మాట, అడగకుండానే వచ్చి ఒళ్లో పడింది. ఆ దగ్గు అంటుకోదని ఇక్కడ ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అబద్ధమాడక్కర్లేదు. ఊరుకుంటే చాలు. వదిన కళ్లు తుడుచుకుని ఫోన్ తీసి, డాక్టరు నంబరు కోసం వెతుకుతోంది.

కళ్లద్దాలమ్మాయి ఆ ఫోన్ మీద చెయ్యి వేసింది.

"అది అంటుకునే దగ్గు కాదు వదినా. పిండి దుమ్ము వల్ల వచ్చింది. ఆయనే చెప్పాడు. నాకేం కాలేదు, గుండ్రాయిలా ఉన్నాను." ఊపిరి తీసుకుని, వదిన మొహంలోకి చూడకుండా మిగతాది కూడా చెప్పేసింది. "జలుబు చేస్తే బాగుండుననుకున్నాను. దారంతా అదే అనుకున్నాను. నాకు చాలా భయంగా ఉంది."

 వదిన ఆమె చెయ్యి పట్టుకుని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. లేచి నిలబడ్డాక అడిగింది.

"ఏమన్నా తిన్నావా?"

ఇన్ని నెలల్లో ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. కళ్లద్దాలమ్మాయికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే బండి తిప్పి రోడ్డు వైపు తోసింది.

"దార్లో తింటాను. ముందు అన్నయ్య దగ్గరికి పద."